భద్రపరచని మధ్యాహ్నం

ఆమెను అందరూ దారులక్క అనేవారు. ఊరి పెద్దాసుపత్రికీ, దాని కింద ఉన్న ఆరు చిన్నాసుపత్రులకూ మధ్య కంప్యూటర్లు మాట్లాడుకునే దారులన్నీ ఆమె చేతిమీదుగా నడిచేవి కనుక ఆ పేరు స్థిరపడింది. తొలిసారి విన్నవాళ్లు రోడ్ల కాంట్రాక్టరు అనుకునేవారు. "రోడ్డు వేసేదాన్ని కాదు నాయనా, కూడలిలో ఈల ఊదేదాన్ని" అని ఆమె నవ్వేది. తమ్ముడు పోయిన తర్వాత ఆ చమత్కారం మానేసింది.

ఇరవై రెండో ఏట ఆమె పెద్దాసుపత్రి టెలిఫోన్ గదిలో చేరింది. ఎవరు ఎవరిని అడిగితే ఆ తీగను తీసి ఆ రంధ్రంలో గుచ్చడం అప్పటి పని. కొన్నేళ్లకు ఆ బోర్డును ఊడబెరికి తీసుకుపోయారు. తోటివాళ్లు తలా ఒక గదికి చెదిరిపోయారు. ఆమె ఒక్కతే, పరీక్షకు కూర్చునే పిల్లలా పుస్తకాలు ముందేసుకుని, రౌటర్ల పని నేర్చుకుంది. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు ఆరేళ్లు చిన్నవాడైన తమ్ముడికి నేర్పింది. తమ్ముడికి కొండ మీది ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. మాట దురుసు, చెయ్యి నెమ్మది. అక్కకు మాటే తెలుసు, తీగలకు చెయ్యే తెలుసు.

రౌటర్ అంటే పళ్లెమంత వెడల్పున్న ఇనుప పెట్టె. వచ్చిన కబురును ఏ వాకిట్లోంచి పంపితే గమ్యం చేరుతుందో చెప్పే జాబితా దాని దగ్గర ఉంటుంది. అది నిద్ర లేచే వైనాన్ని ఆమె కొత్తవాళ్లకు ఒకేలా చెప్పేది. కరెంటు తగలగానే ముందు తన ఒళ్లు తాను తడుముకుంటుంది, అన్ని అవయవాలూ ఉన్నాయా అని. తర్వాత నేర్చిన విద్యను గుర్తు తెచ్చుకుంటుంది. ఆ తర్వాత, తానెవరో, తన వాకిళ్లు ఎటు తెరుచుకుంటాయో రాసి దాచుకున్న చీటీని చదువుకుంటుంది. అంతదాకా అది ఎవరితోనూ మాట్లాడదు. ఆపైన పొరుగు రౌటర్లను పలకరించి, తనకు తెలిసిన దారులు వాటికి చెప్పి, వాటికి తెలిసినవి తాను రాసుకుంటుంది. పది సెకన్లకోసారి "ఉన్నాను" అంటూనే ఉంటుంది. వరుసగా నాలుగు పలకరింపులు వినబడకపోతే పొరుగువాడు లేడని లెక్క. వాడు చెప్పిన దారులన్నీ తుడిచివేత. "మనలాగా కూర్చుని ఏడవవు, వాటికి పనుంటుంది" అని పాఠం ముగించేది.

అక్కాతమ్ముళ్ల మధ్య కూడా అలాంటి పలకరింపే ఒకటి నడిచేది. రోజూ ఎనిమిదీ పదికి కొండ మీది నుంచి ఫోను.

"ఉన్నావా అక్కా?"

"ఉన్నాన్రా."

"ఉంటే సరే."

తెలుగులో ఈ 'ఉన్నాను' అన్న మాట చిత్రమైనది. విన్నాను, తిన్నాను, కన్నాను అన్నవన్నీ జరిగిపోయినవాటిని చెబుతాయి. అదే అచ్చులో పోసిన 'ఉన్నాను' మాత్రం ఈ నిమిషాన్ని చెబుతుంది. రూపం భూతకాలానిది, ప్రాణం వర్తమానానిది. మనిషి ఉన్నంతకాలం ఆ తేడా ఎవరికీ పట్టదు.

ఆ ఫోను తల్లి పోయిన నాటి నుంచి ఆగిపోయింది. తల్లి పెద్దాసుపత్రిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, గంటల వ్యవధిలో, దాటిపోయింది. అక్క పక్కనే ఉంది. తమ్ముడు ఏదో మరమ్మతుకని కొండ మీద ఉన్నాడు. అతడి సెల్‌ఫోను అక్కడ పలకదు. ఆ ఆసుపత్రికి ఉన్న ఒక్క లైను రసీదుల గదిలో ఉంది, ఆదివారం ఆ గదికి తాళం. ఆమె పదమూడు సార్లు చేసింది. అతడు సాయంత్రం తాపీగా వచ్చి, ముఖం మీద దుప్పటి కప్పిన మంచాన్ని చూశాడు.

"చెప్పాలనుకుంటే చెప్పేదానివే" అన్నాడు.

"పదమూడు సార్లు చేశాన్రా."

"నాకు ఒక్కటీ వినపడలేదు మరి."

ఆ మాటతో ఏడు వారాలు గడిచాయి. పని కబుర్లు కాగితాల మీద నడిచాయి. ఎనిమిదీ పదికి ఆమె ఫోను వంక చూడకుండా ఉండడం అలవాటు చేసుకుంది.

ఎనిమిదో వారంలో, ఒక బుధవారం సాయంత్రం, కొండ దిగే బస్సులో తమ్ముడు కిటికీ పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. చివరి స్టాపులో కండక్టరు భుజం తట్టి లేపబోయాడట.

మర్నాటి పనులన్నీ అయ్యాక, తన రౌటర్ జాబితాను తెరిచిన దారులక్కకు కొత్త వరుస ఒకటి కనిపించింది. కొండ రౌటర్ చెబుతున్న దారి. నిన్నటిదాకా లేనిది; పుట్టింది బుధవారం మధ్యాహ్నం. దాని చివర ఏముందో ఎక్కడా లేదు. రౌటర్లు దారిని పొరుగువాడికి చెబుతాయే గాని, ఆ దారి ఎందుకు వేశారో చెప్పవు. ఎందుకన్నది, వేసినవాడు దాని పక్కన ఒక చిన్న వాక్యంగా రాసుకుంటాడు. ఆ వాక్యం ఆ పెట్టె దాటి బయటికి రాదు. తమ్ముడు తప్పకుండా రాసేవాడు, పూర్తి వాక్యంగా, చివర చుక్క పెట్టి మరీ.

ఆ వాక్యం చదవాలని ఆమె ఆశపడింది. కాని లోపలికి పోవడానికి సంకేతపదం కావాలి. ఆ నెలలో సంకేతపదాలన్నీ మార్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బుధవారమే అతడు మార్చినట్టున్నాడు. పాతది ఆమెకు తెలుసు, తల్లి ముద్దుపేరు. కొత్తదానికోసం తల్లి పుట్టిన తేదీ వేసి చూసింది, చిన్నప్పటి కుక్క పేరు వేసి చూసింది, ఒకనాడు సిగ్గుపడుతూ తన పేరు కూడా వేసి చూసింది. ఏదీ కాదు.

పోనీ, ఆపి మళ్లీ లేపితే? అక్కడే ఉంది చిక్కు. ఈ పెట్టెలకు జ్ఞాపకాలు రెండు: ఒకటి మెలకువలో ఉన్నంతసేపే ఉండేది, రెండోది చీటీలాగా దాచుకునేది. వేసిన దారిని భద్రపరిస్తేనే రెండోదాంట్లోకి ఎక్కుతుంది. తమ్ముడికో నియమం ఉండేది. "రాత్రి దాటనియ్యి అక్కా. తప్పు చేశామే అనుకో, ఆపి లేపితే పాతది వచ్చేస్తుంది. తెల్లారి బాగుంటే అప్పుడు భద్రం చేద్దాం" అనేవాడు. మంచి నియమమే, ఆమె నేర్పిందే. ఆ బుధవారానికి తెల్లవారలేదు. పెట్టెను ఆపితే పాత సంకేతపదం తిరిగొస్తుంది, ఆ మధ్యాహ్నం మాత్రం పోతుంది.

అందుకని ఐదు నెలలు ఎవరినీ దాని జోలికి వెళ్లనివ్వలేదు. ఆసుపత్రి లైను కనుక కరెంటూ ఒక్కసారి పోలేదు. కొండ ఎక్కి తీగ పట్టుకుని వెదికితే దారి చివర ఏముందో తెలిసేదే. ఆ బస్సు ఎక్కలేకపోయింది. రోజూ ఆ వరుసను చూసుకునేది, నూట యాభై రోజులు, నూట యాభై ఒక్కటి, అని దాని వయసు పెరుగుతుంటే.

చివరికి కొండ ఆసుపత్రిలో చెమ్మపట్టిన గోడ పడగొట్టాలన్నారు. రౌటర్ ఉన్నది ఆ గోడకే. ఆమె బస్సెక్కక తప్పలేదు. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్లింది.

కొండ మీద ఎలక్ట్రీషియను తీగలు చుట్టుకుంటూ ఎదురొచ్చాడు.

"రండమ్మా. మీ పెట్టెను పక్కగదిలోకి మార్చాలి. అర్ధగంట పని."

"ఆపకుండా మార్చలేవూ?"

"నడుస్తున్న మనిషి చెప్పులు మార్చమన్నట్టుందమ్మా. ఇక్కడి ప్లగ్గు పీకకుండా అక్కడ ఎట్లా పెట్టను?"

"ముందు ఈ తీగ ఎటు పోతుందో చూడనీ నాయనా. తర్వాత నీ ఇష్టం."

రౌటర్ వెనక, తమ్ముడి చేత్తో పొందికగా కట్టిన తీగల మధ్య, నీలం తీగ ఒకటి కొత్తగా ఉంది. ఆమె దాన్ని వేలితో తాకుతూ నడిచింది. గోడ వెంట, తలుపు మీదుగా, రసీదుల గదిని దాటి, రోగుల బంధువులు కూర్చునే హాల్లోకి వెళ్లి, తీగ ఒక చిన్న అరలో ఆగింది. అక్కడ తెల్ల ఫోను. పైన కాగితం: 'పెద్దాసుపత్రిలో ఉన్న మీవాళ్ల వార్డుకు ఇక్కడినుంచి మాట్లాడవచ్చు. వాళ్లూ మీకు చేయవచ్చు.' అక్షరాలు తమ్ముడివి. చివర చుక్క ఉంది.

ఆ హాలుకు తాళం లేదు. ఆదివారం కూడా లేదు.

పక్కన మందుల బండి నెడుతున్న నర్సు ఆగింది.

"మీరు ఆ సారు అక్కగారు కదూ? ముఖం కలుస్తుంది. పుణ్యాత్ముడండీ. ఈ ఫోనుకి రోజూ ఎవరో ఒకరు అతుక్కునే ఉంటారు. మా కొండోళ్లకి అదే పెద్ద ధైర్యం."

"పెట్టిన రోజు మీరున్నారా అమ్మా?"

"ఉన్నా. పెట్టి, పరీక్షకని పెద్దాసుపత్రికి చేశారు. మూడుసార్లు చేశారు. ఎవరూ తియ్యలే. 'మా అక్కండీ, భోజనానికి వెళ్లుంటుంది, రేపు మళ్లీ చేస్తా' అన్నారు. పాపం, ఆ రేపు..." అని నర్సు బండి తోసుకుపోయింది.

దారులక్క భోజనానికి వెళ్లలేదు. ఆ మధ్యాహ్నం తన బల్ల దగ్గరే ఉంది. ఫోను తెర మీద కొండవైపు నంబరు వెలిగింది. రసీదుల గది నంబరు కాదు. అయినా కొండ మీద తనకు ఫోను చేసేది ఇంకెవరు? ఏడు వారాలకు దిగొచ్చాడులే, ఇంకాస్త మోగనీ అనుకుంది. మూడుసార్లు మోగనిచ్చింది. నాలుగోసారి మోగితే తీద్దామనుకుని, చెయ్యి ఫోను మీద పెట్టి కూర్చుంది.

పదమూడు సార్లు చేశానన్న మాటను అతడు నమ్మాడా? నమ్మే ఈ ఫోను పెట్టాడా, లేక పరాయివాళ్ల మీది జాలితోనా? జవాబు ఆ వాక్యంలో ఉండి ఉంటుంది. ఉండకపోనూవచ్చు. ఆ పెట్టె ఒక్కదానికే తెలుసు.

"అమ్మా, తియ్యనా?" ఎలక్ట్రీషియను ప్లగ్గు మీద చెయ్యి వేసి అడిగాడు.

"మీ దగ్గర బ్యాటరీ లాంటిదేమైనా..."

"ఉన్న ఒక్కటీ ఆపరేషన్ గదిలో ఉందమ్మా. దాన్నెట్లా అడుగుతాం?"

అడగలేరు. ఆమె తన నోటు పుస్తకం తెరిచి, తన రౌటర్ జాబితా నుంచి రాసుకొచ్చిన ఆ వరుసను మరోసారి సరిచూసుకుంది. అంకెలన్నీ ఉన్నాయి. తర్వాత తలూపింది.

పచ్చదీపాలు ఒక్కసారే ఆరాయి. పెద్దాసుపత్రిలో ఆమె రౌటర్ నాలుగు పలకరింపులకోసం ఎదురుచూసి, ఆ వరుసను తుడిచేసి ఉంటుంది.

పక్కగదిలో పెట్టె లేచింది. ఒళ్లు తడుముకుంది, విద్య గుర్తు తెచ్చుకుంది, పాత చీటీ చదువుకుంది. తల్లి ముద్దుపేరుకు తలుపు తెరుచుకుంది. లోపల అన్ని దారులూ, అన్నిటి పక్కనా తమ్ముడి వాక్యాలూ ఉన్నాయి, మంగళవారం దాకా.

ఆమె బుధవారం దారిని అంకె అంకెగా మళ్లీ వేసింది. వాక్యం రాయాల్సిన చోట వేళ్లు ఆగాయి. లేచి హాల్లోకి వెళ్లి, తెల్ల ఫోను ఎత్తి, పెద్దాసుపత్రిలోని తన బల్ల నంబరు నొక్కింది. ఖాళీ గదిలో మోగుతోంది. అతడు విన్నది ఇదే కాబోలు. చాలాసేపు విని, నెమ్మదిగా పెట్టేసింది.

"పని చేస్తోందా అమ్మా?" ఎలక్ట్రీషియను అడిగాడు.

"చేస్తోంది."

"అయితే రేపు వచ్చి ఓసారి చూసుకుని, భద్రం చేస్తారా? సారు అట్లాగే చేసేవారు."

"రేపటిదాకా ఎందుకులే" అంది దారులక్క.

వాక్యం చోటును ఖాళీగానే ఉంచి, అప్పటికప్పుడే భద్రపరిచింది.