గుండక్క విసిరిన పేపర్‌వెయిట్

గుండక్క అన్న పేరు వినగానే కొత్తవాళ్లు ముందు ఆమె తలకేసి చూస్తారు. అక్కడ నడుం దాటిన జడ కనిపించేసరికి తికమకపడతారు. ఆ గుండు వేరు. హైస్కూల్లో చదివేటప్పుడు ఆమె ఇనుప గుండు విసిరేది. జిల్లా పోటీల్లో వరసగా రెండేళ్లు మొదటి బహుమతి. మూడో ఏడు పై పోటీలకు తయారవుతుండగా కుడి భుజం పట్టేసింది. ఆర్నెల్లు చెయ్యెత్తొద్దన్నాడు డాక్టరు. ఆ ఆర్నెల్లలోనే పెళ్లయిపోయింది.

భర్త దర్జీ. గట్టిగా మాట్లాడితే సూదిలోంచి దారం జారిపోతుందేమో అన్నట్టుండే మనిషి. అత్తగారు అలా కాదు. కొత్త కోడలు ఇనప్పెట్టెను ఒక్కతే ఎత్తి పక్కగదిలో పెట్టడం చూసి, "మావాడు జాగ్రత్తగా మసులుకోవాలి" అని వీధంతా చెప్పి నవ్వింది.

భుజం కుదుటపడ్డాక గుండక్క పాల కేంద్రంలో చేరింది. ఇద్దరు మగవాళ్లు పట్టే నిండు క్యాను ఆమె ఒక్కతే వ్యాన్లోకి ఎక్కించేది. పాలు పోయడానికొచ్చిన ఆడవాళ్లు లైన్లో నిలబడి తమ గోడు ఆమెకే చెప్పుకునేవాళ్లు. పింఛను ఆగిపోయిన ముసలమ్మను ఆఫీసుకు వెంటబెట్టుకెళ్లేది ఆమె. చెడిపోయిన బోరింగు బాగుచేయించేదాకా ఊరుకోనిది ఆమె. ఎన్నికలు రాగానే ఆ లైనే ఆమెను నిలబెట్టింది.

"నాకు మాట్లాడటం రాదమ్మా," అంది.

"మాట్లాడేవాళ్లను చూశాంలే," అన్నారు వాళ్లు.

ఊరి ప్రెసిడెంటుగా గెలిచింది. ఇచ్చిన మాట ఒక్కటే. ఊరికీ బడికీ మధ్య వాగుంది, వానొస్తే నడుంలోతు నీళ్లు. దాని మీద కల్వర్టు కట్టిస్తానంది. ఏడాదిన్నరలో ఇంజనీరు ఆఫీసుకు పద్నాలుగుసార్లు తిరిగింది. ఒకసారి మ్యాపు లేదన్నారు, ఇంకోసారి సంతకం లేదన్నారు. పద్నాలుగోసారి ఇంజనీరు తలెత్తకుండానే, "వానలు మూణ్ణెల్లేగా అమ్మా. మూణ్ణెల్లు చదవకపోతే కొంపలేం మునిగిపోవు," అన్నాడు.

బల్ల మీది గాజు పేపర్‌వెయిట్ చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలీదు. అతని మీదికి కాదు, తెరిచున్న కిటికీలోంచి విసిరింది. అది జీపు మీదుగా, ప్రహరీ మీదుగా వెళ్లి అవతలి కాలవలో పడింది. ఎవరికీ తగల్లేదు. ఆఫీసంతా లేచి నిలబడింది.

ఊరు మురిసిపోయింది. నెల తిరక్కుండా జనం నోళ్లలో పేపర్‌వెయిట్ కాస్తా ఇటుకరాయైంది. ఇంజనీరు బల్ల కింద ఎలా దూరాడో సెలూన్లో నటించి మరీ చూపించారు. పైవాళ్లు మాత్రం ఆమెను ఆర్నెల్లు పదవి నుంచి పక్కన పెట్టారు. కల్వర్టు ఫైలు అటకెక్కింది.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. అవతలి ఒడ్డున ఉండే పంతులమ్మ రోజూ బడి తాళం తీసి, ఖాళీ బెంచీల ముందు కూర్చుని వెళ్లిపోయేది. ఒకరోజు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె, పరీక్ష పోతుందని నీళ్లలోకి దిగి కాలు జారింది. గొర్రెలు కాసేవాళ్లు పట్టి బయటికి లాగారు. ప్రాణానికి ఏం కాలేదు గానీ మణికట్టు విరిగింది. గుండక్క చూడబోతే ఆ పిల్ల తల్లే ఎదురొచ్చి, "ఆ ఇంజనీరుకి భలే బుద్ధి చెప్పావొదినా!" అంది. గుండక్క పిల్ల చేతికున్న కట్టుకేసి చూసి వెనుదిరిగింది.

ఇంటికొచ్చి కుట్టు మిషన్ పక్కన కూలబడింది. "నేను చేసింది తప్పా?"

దర్జీ కాజా కుట్టడం పూర్తిచేసి దారం కొరికాడు. "నువ్వు విసరడం అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది. కల్వర్టు మాత్రం రాలేదు."

మర్నాడే ఇంజనీరు ఆఫీసుకు వెళ్లింది. ఆమెను చూడగానే గుమాస్తా బల్ల మీది స్టేప్లర్ తీసి సొరుగులో దాచాడు.

"క్షమాపణ చెప్పడానికొచ్చానండీ," అంది ఇంజనీరుతో. "మీరన్న మాట తప్పే. నేను చేసింది ఇంకా తప్పు. నా కోపానికి మా పిల్లలు వానాకాలమంతా చదువు పోగొట్టుకున్నారు. ఆ కోపం నా మీదే ఉంచుకోండి, వాగు మీద వద్దు."

అతను పెన్నుకు మూత పెట్టి పక్కకు జరిపాడు. "నేనన్న మాట మా ఇంట్లో చెప్పుకోలేకపోయానమ్మా," అన్నాడు. కాస్త ఆగి, "ఇంతకీ ఎంత దూరం పోయిందది?"

"ముప్పై గజాలుంటుందండీ. భుజం బాగుంటే ఇంకా పోయేది."

అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. వారంలో తనే వాగు దగ్గరికొచ్చి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి కొలతలు తీసుకున్నాడు.

మంజూరు రావడానికి మాత్రం రెండేళ్లు పట్టింది. పని మొదలయ్యేలోపే ఎన్నికలొచ్చాయి. "వెళ్లి కాళ్లు పట్టుకునొచ్చిన మనిషికి ఓటేంటి?" అన్నారు సెలూన్లో. ముప్పై ఒక్క ఓట్ల తేడాతో ఓడిపోయింది. గెలిచింది పాల కేంద్రం మేనేజరు. మర్నాడు పొద్దున్నే ఆమె క్యాన్ల దగ్గరికి వచ్చేసరికి అతను కుర్చీలో ఇటూ అటూ కదిలాడు.

"నాకేదో ఇబ్బందిగా ఉందక్కా."

"క్యాన్లెత్తేది నేనైతే నీకేంటయ్యా ఇబ్బంది?"

కల్వర్టు పూర్తయిన రోజు రిబ్బను అతనే కత్తిరించాడు. "రాతి మీద మా కోడలి పేరేదీ?" అని అత్తగారు సభంతా వినబడేలా అడిగింది. గుండక్క ఆవిడ రెక్క పట్టుకుని అవతలికి తీసుకుపోయింది. మనసులో కలుక్కుమనలేదని కాదు. జనం వెళ్లిపోయాక ఒక్కతే వచ్చి కల్వర్టు మీద అటూ ఇటూ రెండుసార్లు నడిచింది, కింద నీళ్లు చూసుకుంటూ.

ఐదేళ్ల తర్వాత మళ్లీ నిలబడింది. ఈసారి బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టిస్తానంది. గెలిచింది, ఎనిమిది నెలల్లో కట్టించింది కూడా.