తాళమ్మ ఎక్కించిన రీలు

మా ఆవిడ మండుటెండల్లో కూడా స్వెట్టరు వేసుకుని ఉద్యోగానికి వెళ్తుంది. వీధిలోవాళ్ళు మొదట్లో నవ్వేవాళ్ళు, ఇప్పుడు వాళ్ళకీ ఓపిక పోయింది. ధ్రువప్రాంతాలకు వెళ్ళొచ్చిన శాస్త్రవేత్తల కాగితాలు, టేపులు, ఫిల్ము రీళ్ళు దాచే భవనంలో ఆవిడ ఉద్యోగం. రీళ్ళు పాడవకుండా నేలమాళిగలో ఒక చల్లగది ఉంది. దాని తాళం మా ఆవిడ దగ్గరుంటుంది. అందుకే ఆఫీసులో అందరూ ఆవిడను తాళమ్మ అంటారు.

అక్కడి పని తీరే వేరు. చల్లగదిలోంచి తీసిన డబ్బాను ఆ రోజే తెరవకూడదు. తెరిస్తే ఫిల్ముకు చెమ్మ పట్టి అతుక్కుపోతుంది. మర్నాటిదాకా మూత ముట్టకూడదు. ఎవరొచ్చి అడిగినా "రేపు రండి" అనడంతోనే ఆవిడ బతుకంతా గడిచిపోయింది. దాచినవి దాచినట్టే ఉన్నాయి, చూసినవాడు లేడు. "ఎవర్ని ఉద్ధరిద్దామనే ఇదంతా?" అని నేను విసుక్కుంటే, "నన్నడక్కండి, మోకాళ్ళు పీకేస్తున్నాయి" అనేది.

ఒక పెద్దాయన మాత్రం ఏటా వచ్చేవాడు. వయసులో ఉండగా మంచు మీది స్థావరంలో వాతావరణం కొలిచే ఉద్యోగం చేశాడట. అక్కడ తీసిన రీలు ఒకటుంది, అది చూపించమంటాడు. ఆయన స్నేహితుడు ఆ చలికాలంలోనే మంచుతుఫానులో బయటికెళ్ళి తిరిగి రాలేదు. రీలేమో పెళుసుబారిపోయింది, మామూలు యంత్రానికి ఎక్కిస్తే తెగుతుంది. "కాపీ తీయించాక చూద్దురుగాని బాబాయిగారూ" అని మా ఆవిడ తిప్పి పంపేది. ఆ కాపీకి అనుమతి ఎంతకీ రాదు. ఈలోగా ఆయనకు చూపే పోయింది.

మొన్న కాపీ వచ్చింది. ఆవిడకు జ్వరంగా ఉంటే నేనే ఆఫీసులో దింపడానికి వెళ్ళి, అక్కడే కూలబడ్డాను. పెద్దాయన కోడలి చెయ్యి పట్టుకుని వచ్చాడు. కళ్ళు కనబడని మనిషికి సినిమా ఏమిటి, నా ఖర్మ కాకపోతే, అనుకున్నాను. కాపీ తీసిన టెక్నీషియన్ దాన్ని కంప్యూటర్లో వేశాడు.

"ఏం కనబడుతోందమ్మా?" అన్నాడు పెద్దాయన.

"లావుపాటి కోటు వేసుకుని ఒకాయన చెయ్యి ఊపుతున్నాడండీ. మొహం సరిగ్గా ఆనడం లేదు. మీ స్నేహితుడేనేమో," అంది మా ఆవిడ.

"కాదమ్మా, అది నేను. కెమెరా వాడి చేతిలో ఉంది. వాడికి కుదురనేది ఉండేది కాదు. బొమ్మ ఊగుతోందా?"

ఊగడం లేదు. నేనూ చూశాను, గోడకు మేకు కొట్టినట్టు నిలబడిపోయింది.

"అదంతా సరిచేసేశాను సార్," అన్నాడు టెక్నీషియన్ సంబరంగా. "మరకలు, గీతలు, ఊగుడు, ఒక్కటి ఉంచలేదు."

వాడి చెంప పగలగొట్టాలనిపించింది. పెద్దాయన మొహంలోకి చూడలేకపోయాను. ఊగుతోందని ఒక్క అబద్ధమాడితే ఏం పోయింది? నేను సైగ చేశాను. మా ఆవిడ నా వంక చూడనైనా లేదు. కాపీతో పాటే తిరిగొచ్చిన అసలు రీలు ఇంకా బల్ల మీదే ఉంది. డబ్బా మూత తీసింది.

"మేడమ్, తెగిపోతుంది! పెద్దసారు మీ ఉద్యోగం ఊడగొడతారు!" అన్నాడు టెక్నీషియన్.

"ఊడగొట్టమను బాబూ. నాకూ ఓపిక లేదు."

చేత్తో తిప్పి చూసే పాత యంత్రానికి రీలు ఎక్కించి, ఊపిరి బిగబట్టి మెల్లగా తిప్పింది. చిన్న తెర మీద, గీతల మధ్య ఆ మనిషి చెయ్యి ఊపుతూ పైకీ కిందికీ ఎగిరాడు. నేలంతా ఒక పక్కకి ఒరిగింది, మళ్ళీ లేచింది. అంతలో టప్పుమని చప్పుడైంది.

"తెగిందా అమ్మా?"

"తెగిందండీ." ఆవిడ తిప్పడం ఆపింది. "తెగేదాకా ఊగుతూనే ఉంది బాబాయిగారూ. ఒక్క క్షణం కుదురుగా లేదు."

పెద్దాయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"వెధవ," అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు."