ఏలూరు వచ్చేలోగా చెప్పండి

ఇందులో ప్రతి మాటా నిజం. కొల్లేటి నీళ్ళ మీద ఒట్టు. వేసవిలో సరస్సు అడుగంటుతుంది కాబట్టి ఆ రోజుల్లో వేసిన ఒట్టు కాస్త పలచబడుతుందేమో గానీ, నేనిది రాస్తున్నది వానాకాలంలో. నీళ్ళు నిండుగా ఉన్నాయి. నమ్మవచ్చు.

కాపురం ఏలూరులో. కైకలూరు దగ్గర చేపల చెరువు చేస్తాను. మా ఆవిడ స్కూల్లో టీచరు. నాకు ఉన్నవి రెండే అంటుంది ఆవిడ: బాగుండటం, చిరాకు. ఆకలేస్తే చిరాకు. కరెంటు పోతే చిరాకు. మా అన్నయ్య పోయినప్పుడు పలకరించడానికి వచ్చిన వాళ్ళతో కూడా చిరాకుగా ఉందనే అన్నానట. మందు కూడా ఒకటే. లోపల ఏం కదిలినా ఒక కథ ఎత్తుకుంటాను. వినేవాళ్ళు నవ్వుతారు, లోపలిది సద్దుమణుగుతుంది. సద్దుమణిగింది ఏమిటో మాత్రం నాకు తెలియదు.

చెరువు దగ్గర ఇలా ఉండను. తెల్లవారుతూనే గట్టు మీద నిలబడతాను. చేపలు పైకి తేలితే ఎందుకు తేలాయో చూడాలి. చెరువంతా నోళ్ళు తెరుచుకుని కనిపిస్తే నీళ్ళలో గాలి చాలడం లేదు. మేత సంచుల చుట్టూ మూగితే ఆకలి. సంచులు కట్టిన వెదురు గడలకేసి ఒళ్ళు రుద్దుకుంటుంటే చేపపేను పట్టింది. దూరం నుంచి అన్నీ ఒకేలా ఉంటాయి, నీళ్ళు కదులుతాయంతే. గాలి చాలని చేపకు మేత వేస్తే మధ్యాహ్నానికి తెల్లటి పొట్టలు తేలతాయి. ఇదంతా తెలిసిన మనిషినే.

పోయిన వానాకాలంలో మా ఆవిడకు హెడ్మాస్టరుగా ప్రమోషన్ వచ్చింది. కామవరపుకోట అవతల స్కూలు. రోజూ బస్సులో వెళ్ళి రావడం ఈ వయసులో కుదరదని, అక్కడే గది తీసుకుని శనివారాలు ఇంటికొస్తానంది. ఆ వారమే తాడేపల్లిగూడెంలో ఆవిడ చెల్లెలి గృహప్రవేశం. చుట్టాలంతా ఆవిడను మెచ్చుకుంటుంటే అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. సాయంత్రం ప్యాసింజరు ఎక్కేసరికి ఒళ్ళు పులిసిపోయింది. మెడ, నడుము, నవ్వీ నవ్వీ దవడలు.

ఎదుటి సీట్లో ఒక పెద్దాయన, గూడెం మార్కెట్లో కొన్న ఉల్లిపాయల గోనె కాళ్ళ కింద పెట్టుకుని కూర్చున్నాడు. బండి కదిలింది.

"ఏవండీ, రేపు నేను ఒప్పుకుంటున్నానో లేదో రాసివ్వాలి. మీకెలా ఉందో చెప్పనేలేదు," అంది మా ఆవిడ.

"ఎలా ఉండటమేంటి? చిరాకుగా ఉంది."

"అదే, ఏం చిరాకని? కోపమైతే చెప్పండి, వెళ్తాను. కుళ్ళయితే తప్పకుండా వెళ్తాను. భయమైతే కూర్చుని ఆలోచిద్దాం. ఒట్టి చిరాకంటే నేనేం చెయ్యను? అక్కడ పిల్లలకి పాఠం చెప్తా, ఇక్కడ మీరు దేనికి మూతి ముడుచుకున్నారో అని ఏడాదంతా లెక్కలేసుకోనా?"

నేను పెద్దాయన వైపు తిరిగాను.

"మా చెరువులో ఒక బొచ్చె చేప ఉండేదండీ. నా బండి హారను గుర్తుపట్టేది."

"ఆయ్!"

"హారను కొడితే గట్టు దాకా వచ్చేది. ఓసారి బండి చెడిపోయి ఆటోలో వెళ్తే మొహం తిప్పేసుకుంది. మూడ్రోజులు మేత ముట్టలేదండీ."

"మొహం తిప్పుకోడానికి చేపకి మెడేదండీ?" అన్నాడాయన.

"చేపకి వచ్చింది అలకేనని ఎంత బాగా పోల్చారండీ," అంది మా ఆవిడ. "ఏలూరు వచ్చేలోగా మీ సంగతి కూడా చెప్పండి."

ఇక కథ సాగలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. చెరువులు, వరి చేలు, మళ్ళీ చెరువులు. సరే, గట్టు మీద నిలబడినట్టే చూద్దామనుకున్నాను.

పైన తేలుతున్నది అలసట. అది కొత్తది కాదు. యాభై దాటాక ఒంట్లోనే అద్దెకు దిగింది, ఖాళీ చేసే ఉద్దేశం కనిపించదు. ఏది చూసినా దాని రంగే పూస్తుంది. దాన్ని పక్కకు జరిపేసరికే బండి ఉంగుటూరు దాటింది. కోపమా అంటే, కోపానికి ఒక మనిషి కావాలి. ఎంత వెతికినా తిట్టడానికి ఎవరూ దొరకలేదు. కుళ్ళు ఉంది. "ఇంక మీరు హెడ్మాస్టరు గారి భర్తండీ" అని గృహప్రవేశంలో ఎవరో అన్నప్పుడు చేపముల్లులా గుచ్చుకుంది. కానీ ముల్లు ముల్లే, గొంతంతా పట్టేయడానికి అది చాలదు. భయం కాదు. నాకు పులుసు పెట్టడం ఆవిడకంటే బాగా వచ్చు.

భీమడోలు దాటాక కనిపించింది. ఆవిడ వెళ్ళాక రాబోయే ఒక మామూలు మంగళవారం. కైకలూరు నుంచి బురద కాళ్ళతో వచ్చి పెరటి కుళాయి దగ్గర నిలబడ్డాను. లోపల్నుంచి, దిద్దుతున్న పేపర్ల మీంచి తల ఎత్తకుండా, "మడమలు రుద్దుకోండి" అనే గొంతు లేదు. నీళ్ళు పడుతున్న చప్పుడు ఒక్కటే ఉంది.

పక్కన మనిషి కూర్చునే ఉంది. చీర అంచు నా మోకాలికి తగులుతోంది. అప్పుడే బెంగ. అది హాస్టలుకు పంపిన పిల్లలకు వచ్చేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

పవర్‌పేట స్టేషను వస్తుండగా చెప్పాను. "కోపం కాదు. కుళ్ళు కాస్త ఉంది. అసలుది బెంగ."

ఆవిడ నావైపు చూసింది. "బెంగయితే ఏం చెయ్యాలో నేను అనుకోలేదండీ."

"వెళ్ళు. శనివారం రా. నాకోసం ఆగిపోయావంటే రేపట్నించీ సిగ్గేస్తుంది. ఒకటి పోగొట్టుకోడానికి ఇంకోటి తెచ్చుకోడం దేనికి?"

"ఏం బాబూ, కళ్ళమ్మట నీళ్ళు?" అన్నాడు పెద్దాయన.

"మీ ఉల్లిపాయలేనండీ."

"గోనెలో ఉన్నవాటికి నీళ్ళెందుకొస్తాయండీ!"

మర్నాడు ఆవిడ ఒప్పుకుంటున్నట్టు రాసిచ్చింది. ఇప్పుడు రోజూ సాయంత్రం ఫోను చేస్తుంది. "ఇవాళ ఏవిటండీ?" అంటుంది. ఒక్కోసారి విసుగు, ఒక్కోసారి దిగులు. ఈ రెండూ ఒకటి కావని తెలియడానికే నాకు చాలాకాలం పట్టింది. తెలిసినంత మాత్రాన తగ్గుతాయని కాదు. నిన్న, "ఇవాళ ఒట్టి అలసటే" అన్నాను. "అయితే పడుకోండి," అంది. పడుకున్నాను.

ఒట్టు వేశాను కాబట్టి ఒక్కటి చెప్పేయాలి. ఆ పెద్దాయన లేడు. ఎదుటి సీటు ఖాళీ. నా కళ్ళనీళ్ళకు ఒక కారణం ఉంటే బాగుంటుందని, రాసేటప్పుడు ఆయన్నీ ఆ గోనెనూ బండెక్కించాను. బొచ్చె కథ చెప్పింది మా ఆవిడకే, మెడేదండీ అన్నదీ ఆవిడే. కళ్ళమ్మట నీళ్ళెందుకని మాత్రం ఆవిడ అడగలేదు. జల్లు కొడుతోందంటూ లేచి కిటికీ షట్టరు దించింది.

బయట వాన లేదు.