అక్క బరువు

మొన్న జ్వరమొచ్చి మహబూబ్‌నగర్‌లో దవాఖానకు పోతే, సూదిమందు రాసే ముందు డాక్టరమ్మ నా వయసు అడిగి, బరువు చూసి, రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో కనుక్కొని, కిడ్నీలు ఏపాటి పనిచేస్తున్నాయో లెక్కగట్టి మోతాదు తగ్గించింది. అట్లా ఒక లెక్క ఉంటుందని నాకు మా అక్క వల్ల తెలిసింది.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో అక్క హాలియా దగ్గర ఉండేది. బావ పోయినా, మోకాళ్లు అరిగినా, కాలువకు నీళ్లొదిలితే నాట్లకు పోవడం మాత్రం మానలేదు, తినేది పిట్టంత. రోజూ పొద్దున్నే నాకు ఫోను చేసి కూరలో ఉప్పు మొదలు పక్కింటి తగాదా దాకా చెప్పేది, నేను ఊ కొడుతూ కూర్చునేవాణ్ణి.

ఒక వానకాలం ఆమెకు మూత్రంలో చీము పట్టి చలిజ్వరం వస్తే, మేనల్లుడు ఆటోలో తీసుకుపోయి అక్కడే చిన్న ప్రైవేటు దవాఖానలో చేర్చాడు. నేను బస్సెక్కి పోయేసరికి, రక్తపరీక్ష బాగుంది గనుక కిడ్నీలకు ఫికర్ లేదన్నాడు డాక్టరు. మంచం పట్టిన మనిషిని తూచాలని ఎవరికీ తోచలేదు. చీముకిచ్చే సూదిమందు అందరికిచ్చే మోతాదులోనే ఆమెకూ ఎక్కించారు. జ్వరం దిగింది, మేము సంతోషించాం. అప్పుడే అక్క నా చెయ్యి పట్టుకొని, "తమ్మీ, చెవులల్ల గుయ్యిమంటాంది, నీ మాట యాడనో దూరంకెల్లి వస్తాంది" అన్నది. నీరసమన్నారు. ఆ తర్వాత మూత్రం తగ్గి మొహం ఉబ్బింది.

నల్లగొండలో కిడ్నీ డాక్టరు ఆమెను తూయించి, మమ్మల్ని బయటికి పిలిచి నిదానంగా చెప్పాడు. కండలేని ఒంట్లో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ, అందుకే అంకె మంచిగా కనబడుతుందట. వయసూ బరువూ కలిపి చూస్తే ఆమె కిడ్నీలు అప్పటికే సగం కూడా పనిచేయడం లేదట. కిడ్నీల గుండా బయటికి పోవలసిన ఆ సూదిమందు లోపలే నిలిచి, ఉన్న కిడ్నీలనూ చెవులనూ దెబ్బతీసిందట.

"చెవులు మల్ల వినొస్తయా సారూ?" అని మేనల్లుడు అడిగాడు.

"రావు బిడ్డా" అన్నాడాయన.

డయాలసిస్‌కు తిప్పాం గానీ కిడ్నీలు కోలుకోలేదు. అక్కకు చదువు రాదు, రాసి చూపించే దారీ లేదు. "ఏమంటున్నరు, జర గట్టిగ చెప్పుండ్రి" అని మా పెదాల వైపే చూసేది. కొన్నాళ్లకు అడగడం మానేసింది. యాసంగి కోతలకు ముందే పోయింది.

ఈ మధ్య ఆ వైపు పోతే, ఒకప్పుడు ఆడవాళ్లు వరుసగా వంగి ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ నాట్లేసిన మడిలో మిషను తిరుగుతోంది. గట్టు మీద నిలబడి, దాన్ని నడిపే మనిషిని అక్క పేరు చెప్పి అడిగాను. ఇంజను ఆపి, మళ్లీ చెప్పమని విని, అట్లాంటి మనిషి ఎవరూ తనకు తెలియదన్నాడు.