‘కుళ్లిన టెంక’ ఆవిష్కరణ

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు, ఒంటినిండా కోపం. ఎవరి మీదో మాత్రం నాకే తెలీదు. అలాంటివాళ్లు మా నూజివీడు వైపు మామూలుగా రాజకీయాల్లోకి పోతారు. నేను టెక్నికల్ బ్రూటల్ డెత్ మెటల్‌లోకి పోయాను. (తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: గిటారు, డ్రమ్ములు చిక్కుచిక్కు లెక్కలతో అందనంత వేగంగా పరిగెడుతుంటే, వాటి మీద పొట్టలోంచి గర్జించాలి. మాటలు అర్థమయ్యాయంటే సరిగ్గా పాడనట్టే.) బ్యాండులో ఉన్నది ఇద్దరం. డ్రమ్ములు వాయించే మా మేనత్త కొడుకు ఉద్యోగం వచ్చి సగంలోనే హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఇక బ్యాండంతా నేనే. మా మామిడితోటలో కాయలు మాగబెట్టే గది సీజన్ అయ్యాక ఖాళీగా ఉంటుంది. అందులో మిగిలిన వరిగడ్డిని శబ్దం బయటికి పోకుండా గోడల వెంట దట్టించి, డ్రమ్ములు లాప్‌టాప్‌లో కూర్చి, నాలుగు నెలలు ఒక్కణ్నే గిటారు వాయించి, అరిచాను. అదే మా మొదటి ఆల్బమ్, ‘కుళ్లిన టెంక’. ఏడు పాటలు, ఇరవై ఆరు నిమిషాలు.

ఇంటర్నెట్‌లో పెట్టి తెలిసినవాళ్లందరికీ లింకు పంపాను. మేనత్త కొడుకు రెండు నిమిషాల్లో ‘సూపర్ బావా’ అని జవాబిచ్చాడు. ఇరవై ఆరు నిమిషాల దానికి రెండు నిమిషాల్లో జవాబొస్తే ఎంత విన్నాడో తెలుస్తూనే ఉంది. మిగతావాళ్లు బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నారు. ఒక్కరు, ఒకే ఒక్కరు చివరిదాకా వింటే చాలనుకున్నాను. సాయంత్రాలు బండి మీద హనుమాన్ జంక్షన్ దాకా పోయి, లారీల పక్కన టీ తాగుతూ ఫోను చూసుకునేవాణ్ని. అంత ఒంటరితనం నాకు మళ్లీ ఎప్పుడూ అనిపించలేదు.

ఇలా ఉండగా ఓ ఆదివారం చర్చిలో, ఆరాధన మధ్యలో అమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచి, "మా వాడు ఆల్బమ్ చేశాడండి. అయ్యగారు ప్రార్థన చేసి విడుదల చెయ్యాలి" అనేసింది. మా సంఘంలో ఆల్బమ్ అంటే క్రైస్తవ గీతాలే. ఇంకో రకం ఉంటుందని ఎవరికీ తట్టదు. పై ఆదివారం పాస్టరు అయ్యగారు నా పెన్‌డ్రైవ్‌కి చుట్టిన రంగుకాగితం విప్పి, ప్రార్థన చేసి, "ఒక పాట విందామండీ" అన్నారు. అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. కానీ ఎదురుగా రెండొందల మంది, అదీ మధ్యలో లేచిపోలేనివాళ్లు. ఆశ పుట్టింది. వేసేశాను.

నలభై సెకన్లు నడిచింది. పసిపిల్లలంతా ఏడుపు లంకించుకున్నారు. (అప్పటిదాకా ఏడుస్తున్న ఒకడు మాత్రం ఆపాడు. వాడంటే నాకు ఇప్పటికీ అభిమానమే.) అయ్యగారు పాట ఆపించి, నెమ్మదిగా నా దగ్గరికొచ్చారు.

"తమ్ముడూ, ఇది నువ్వు పాడిందేనా?"

"అవునండి."

"ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది గొంతు?"

అమ్మ ముఖం చూశాను. "నాలుగు నెలలనుంచండి" అన్నాను.

సంఘమంతా లేచి నిలబడి నా గొంతు స్వస్థత కోసం ప్రార్థన చేసింది. ఆ నెలంతా మా ఇంటికి మిరియాల పాలు వస్తూనే ఉన్నాయి. సండే స్కూలు టీచరుగారు మైలవరంలో మంచి డాక్టరున్నాడని కాగితం మీద రాసిచ్చారు. రోడ్డు మీద కనబడిన ప్రతివాళ్లూ "గొంతెలా ఉంది బాబూ?" అని అడిగేవారు. నా సంగీతం గురించి నన్నెవరైనా అడిగింది ఆ ఒక్కటే. "తగ్గిందండి" అనేవాణ్ని. నిజంగానే తగ్గింది. నేను మళ్లీ అరవలేదు.

ఇప్పుడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. అందరితో మెల్లగా మాట్లాడతానని పేరు. మొన్న చింతలపూడి నుంచి కారులో ఒక్కణ్నే వస్తూ, ఊరు దగ్గరపడ్డాక ఆ ఆల్బమ్ పెట్టాను. ఇల్లొచ్చినా దిగకుండా కూర్చున్నాను. వేళ్లు తడబడిన చోటల్లా నవ్వొచ్చింది, పాపం ఎంత కష్టపడ్డాడో కుర్రాడు అనిపించింది. ఆఖరి గర్జన ఆగాక, రొప్పుతూ నా మామూలు గొంతు వినిపించింది. ఆ ముక్క ఎందుకు కత్తిరించలేదో గుర్తులేదు. "ఎలా ఉందిరా?" అని అడుగుతోంది. అప్పుడా గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

"బాగుందిరా, చివరిదాకా విన్నాను" అన్నాను.