చూశానన్న మాట

పందెపు మైదానంలో ఆఖరి మలుపు దగ్గర ఒక ఇనుప మంచె ఉంటుంది. దానికి పదహారు మెట్లు. ఆ మెట్లను ముప్పై ఒక్క ఏళ్లు ఎక్కి దిగినవాడు మన డేగకన్ను పెద్దాయన. చదువు ఊరి బడిలో ఐదో తరగతితో సరి. పేడ ఎత్తడంతో మొదలుపెట్టి, గుర్రాల ఒళ్లు తోమి, కాళ్లకు కట్లు కట్టి, చివరికి మెడలో దుర్భిణి వేసుకుని మంచె ఎక్కాడు. గుర్రాలు మలుపు తిరిగేటప్పుడు ఏది దేనికి అడ్డం వచ్చిందో, ఏ జాకీ ఎవరి దారి కోశాడో చూసి తీర్పుగదికి చెప్పడం ఆయన పని. ఏడు వేల పందేలు చూశాడు. ఆయన రాసిచ్చిన కాగితం ఒక్కటంటే ఒక్కటి తప్పని తేలలేదు. ఇద్దరు ఆయన పక్కన నిలబడి చూడడం నేర్చుకుని, తీర్పుగదిలో పెద్ద కుర్చీలెక్కారు. కొత్తవాళ్లకు ఆయన చెప్పే మొదటి పాఠం ఒకటే: "చూసింది రాయి. అనుకున్నది ఇంటికి పట్టుకెళ్లు."

ఇవన్నీ ఎలా తెలిశాయంటే ఆయనే చెప్పాడు. ఇంటికొచ్చిన చుట్టాలకు చెప్పాడు, మంగలికి చెప్పాడు, పళ్ల డాక్టరు నోట్లో పనిముట్టు పెట్టేలోపు ఆయనకీ చెప్పాడు.

"అంత చూపున్న మనిషికి ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా కనబడదేమండీ?" అనేది భార్య.

"అది పరిగెత్తదుగా!" అనేవాడు.

ఆ రోజు మంచె మీద తీర్పుగదితో మాట్లాడే ఫోను చూసుకోవడానికి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. ఐదో పందెం మొదలైంది. గుర్రాలు ఇంకా అవతలి వైపు ఉన్నాయి.

"బాబాయ్, ఇన్నేళ్లలో మీకు ఒక్క పొరపాటూ లేదంట. నిజమేనా?"

అడగడమే ఆలస్యం. ఒకప్పుడు కుండపోత వానలో పదకొండు గుర్రాలు ఒకదాన్నొకటి తోసుకుంటుంటే, తోక విదిలింపును బట్టి తప్పెవరిదో తాను పట్టేసిన కథ ఎత్తుకున్నాడు. "ఇదిగో, ఇలా ఒరుసుకుంటూ వచ్చాయమ్మా..." అంటూ రెండు చేతులనూ రెండు గుర్రాలు చేశాడు. దుర్భిణి వదిలేస్తే అది వెళ్లి పొట్ట మీద వేలాడింది.

జనం ఒక్కసారి హో అన్నారు. ఆయన గబుక్కున దుర్భిణి కళ్లకు పెట్టుకున్నాడు. బూడిదరంగు గుర్రం కంచె పక్కకు చేరి ముందు పోతోంది. దాని వెనకాల ఎర్ర ఆడగుర్రం తల ఎగరేస్తూ తడబడుతోంది. దాని జాకీ కళ్లేలు లాగిపట్టి జీను మీంచి సగం లేచాడు. బయటి నుంచి వచ్చిన బూడిదది ఎర్రదాని దారి కోసిందని ఎవరైనా అనుకుంటారు. ఆయనా అనుకున్నాడు.

బూడిదది గెలిచింది. ఎర్రదాని జాకీ ఫిర్యాదు చేశాడు. ఎదురుగా ఉండే కెమెరా ఫిల్ములో సరిగ్గా ఆ చోటుకి మూడో గుర్రం అడ్డొచ్చింది. ఇక మిగిలింది మంచె మీది మాటే.

తీర్పుగదిలో పెద్దాయన ఇచ్చిన కాగితంలో 'చూసినది' అన్న గడి నిండా ముత్యాల్లాంటి అక్షరాలు: బూడిదరంగు గుర్రం చాలినంత ఎడం లేకుండా లోపలికి వచ్చి అడ్డుపడింది.

బూడిదదాన్ని తోలిన జాకీని అందరూ మిరపగింజ అంటారు. ముప్పై అయిదేళ్లవాడు. వచ్చే ఆదివారం పెద్ద పందెం. అందులో ఎక్కడానికి ఒక మంచి గుర్రం దొరకాలని పదేళ్లు ఎదురుచూస్తే ఈ బూడిదది దొరికింది. తప్పు రుజువైతే పదిహేను రోజులు స్వారీ బంద్. అంటే అదీ పోయినట్టే.

వాడు పెద్దాయన వైపు తిరిగాడు. "నేను రెండు గుర్రాల ఎడం ఇచ్చాననుకున్నా మామా. కానీ నాకు వెనక కళ్లు లేవు. మీరు చూశారా? మీరు చూశానంటే ఇంక నాకు మాట లేదు."

గదిలో నలుగురు. ఇద్దరు ఆయన శిష్యులే.

"చూశాను" అన్నాడు పెద్దాయన.

వాడు సంతకం పెట్టేశాడు. బూడిదదాన్ని రెండో స్థానానికి దించి, వాడికి పదిహేను రోజులు స్వారీ బంద్ చేశారు.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన గుర్రపుశాలకు వెళ్లాడు. ఎర్రదాన్ని సాకే ముసలాయన, ఒకప్పుడు తనతో పేడ ఎత్తినవాడే, బకెట్లో నీళ్లు పెట్టుకుని దాని ముందుకాలు కడుగుతున్నాడు.

"ఏం తగిలింది బావా?"

"తన కాలు తనే తొక్కుకుంది పిచ్చిది. చూడు, మడమ మీద వెనకకాలి నాడా అచ్చు దిగింది. మలుపులో తడబడింది దీనికే."

"మరి బూడిదది?"

"మా జాకీకీ తెలీదంట. తలెత్తేసరికి అది ముందుందంట. అదే కోసిందనుకున్నాడు. నువ్వు చూశానన్నావు కదా, ఇంకేముంది అని ఊరుకున్నాడు."

పెద్దాయనకు తల కొట్టేసినట్టయింది. పక్కనున్న ఖాళీ బకెట్ బోర్లించి కూర్చున్నాడు. ముసలాయన ఆ ముఖం చూసి చెయ్యి ఆపాడు.

"చూళ్ళేదా?"

పెద్దాయన నేలచూపులు చూశాడు.

"పోనీలే బావా. నేను నోరెత్తను. పుండు రెండు రోజుల్లో మానిపోతుంది."

ఆ మాట ఇంకా పొడిచింది. ఫోను అమ్మాయికి చెప్పిన కథ, మంగలికి చెప్పిన కథ, అన్నీ ఒక్కసారిగా చెవుల్లో మోగాయి. లేచాడు.

తీర్పుగదిలో పెద్ద కుర్చీలో ఉన్నది ఆయన మొదటి శిష్యుడే. మిరపగింజను కూడా పిలిపించమన్నాడు పెద్దాయన. వాడు వచ్చేదాకా నిలబడే ఉన్నాడు.

"నిన్న నేను చూళ్ళేదు."

శిష్యుడికి అర్థం కాలేదు. "చూడకపోవడమేంటి గురువుగారూ? మంచె మీదే ఉన్నారుగా. మరేం చూస్తున్నారు?"

"నా చేతుల్ని" అన్నాడు.

ఎర్రదాని మడమ సంగతి చెప్పాడు. ఇంకో కాగితం అడిగి తీసుకున్నాడు. 'చూసినది' అన్న గడిలో 'ఏమీ లేదు' అని రాశాడు. ఈసారి అక్షరాలు ముత్యాల్లా రాలేదు. పశువుల డాక్టరు వెళ్లి కాలు చూసొచ్చాక, మిరపగింజ మీద శిక్ష కొట్టేశారు. పందెం ఫలితం మాత్రం ఒకసారి ప్రకటించాక మారదు. బూడిదది ఆ పందెంలో రెండోదిగానే మిగిలిపోయింది.

వరండాలో మిరపగింజ ఎదురుపడ్డాడు. ఈయన తల ఎత్తలేకపోయాడు.

"నిన్న అడిగాను కదా మామా" అన్నాడు వాడు. కోపంగా కూడా అనలేదు.

"అడిగావు నాయనా."

ఆ సాయంత్రం దుర్భిణి మంచె మీది మేకుకు తగిలించి, పదహారు మెట్లూ చివరిసారి దిగాడు. ఆదివారం పెద్ద పందెంలో మిరపగింజ మూడోవాడిగా వచ్చాడు. పెద్దాయన దాన్ని కంచె పక్కన జనంలో నిలబడి చూశాడు. మలుపు తిరిగేటప్పుడు ఊపిరి బిగబట్టడం గమనించి, పక్కనున్న ఎవరో పలకరించారు.

"గుర్రాల గురించి మీకు బాగా తెలిసినట్టుందే?"

"కొంచెం" అన్నాడు.