బాతుల ఆసామి

డిగ్రీ చేతికొచ్చి, చేయడానికి పనేమీ లేకపోయినా ఎప్పుడూ హడావుడిగా కనిపించే ఆ వయసులో, ఏ ఉద్యోగం దొరికినా అది మన కోసమే పుట్టిందనిపిస్తుంది. నాకూ అనిపించింది. నెల్లికుదురు దగ్గరున్న మా ఊరి చెరువుకు ప్రతి చలికాలం హిమాలయాల అవతల నుంచి బూడిదరంగు బాతులు వచ్చేవి, తల మీద రెండు నల్లగీతలతో. వాటిని ఎవరూ కొట్టకుండా, బెదరగొట్టకుండా చూడటానికి ఆ నాలుగు నెలలకు ఒక కాపలాదారు కావాలన్నారు అధికారులు. నేను దొరికాను. ఒక టోపీ, ఒక దుర్భిణి, ఒక నోటుపుస్తకం ఇచ్చారు. (టోపీ నాకు కళ్ల దాకా వచ్చేది. ఉద్యోగం చాలావరకు వినికిడితోనే చేశాను.) కట్ట మీద బోర్డు కూడా నా చేతే రాయించారు: 'దూరదేశపు అతిథులకు మా ఊరి స్వాగతం'. ఆ ఒక్క వాక్యం నన్ను పంచాయితీలో నిలబెడుతుందని అప్పుడు తెలియదు.

అతిథులు పగలంతా చెరువులో కునుకు తీసి, తెల్లవారకముందే యాసంగి నారుమళ్లలో దిగేవి. నా కాపలా చెరువు వరకే కాబట్టి అవి కట్ట దాటాక ఏం చేస్తున్నాయో నేను పట్టించుకోలేదు. మా పొలం పక్కనే ఒక అవ్వ పొలం ఉంది. గట్టు దగ్గర ఎవరితోనూ రాజీ పడదు గనుక ఊరంతా ఆమెను గట్టవ్వ అనేవారు. ఒక ఉదయం చూస్తే ఆమె నారుమడి నున్నగా గుండు గీయించుకున్నట్టుంది. అవ్వ అధికారుల దగ్గరికి పోలేదు, తిన్నగా మా ఇంటికొచ్చింది.

"ఏమిరా, నీ బాతులు నా నారంత మేసి పోయినయ్."

"నా బాతులేంది అవ్వా? గవి హిమాలయాల అవతల నుంచి వచ్చినయ్."

"ఎక్కడివైతే నాకేంది? రమ్మని బోర్డు రాసింది నువ్వే గదా! మా మనుమరాలు సదివి చెప్పింది."

మా ఊళ్లో పశువు పంట మేస్తే దాన్ని బందెలదొడ్డిలో కట్టేసి, దాని ఆసామిని పిలిపించి, నష్టపోయినవాళ్లకు న్యాయం చెప్పడం ఆనవాయితీ. బాతులకూ అదే పద్ధతి అన్నారు పంచాయితీలో పెద్దమనుషులు. "ముందుగాల వాటిని దొడ్ల తోలుండ్రి" అన్నాడు ఒకాయన. "దొడ్డికి పైకప్పు లేదు గదనే, ఎగిరిపోతయ్" అన్నాడు ఇంకొకాయన. (దీని మీద అరగంట చర్చ జరిగింది. సిగ్గులేకుండా నేనూ రెండు సలహాలిచ్చాను.) అందరూ నవ్వుతుంటే అవ్వ ఒక్కతే నవ్వలేదు.

"మల్ల అలికితే నారు ఎదిగేటాలకు నెల పడ్తది. అప్పటికి చెర్వు నీళ్లు నా మడి దాక రావు. నాకున్నది గా ఒక్క ఎకరం. గిది నవ్వులాటనారా మీకు?"

ఆ ఉదయమే నేను నోటుపుస్తకంలో 'బాతులు ఆరోగ్యంగా, కడుపునిండా ఉన్నాయి' అని సంతోషంగా రాసుకున్నాను. ఇప్పుడు బాతుల తరఫున మాట్లాడాలో, అవ్వ తరఫున మాట్లాడాలో తెలియక టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాను.

అప్పటిదాకా బీడీ కాలుస్తూ కూర్చున్న మా బాపు లేచాడు. "ఆసామి ఎవలో గిప్పట్ల తేలేటట్టు లేదు గని, చిన్నమ్మా, రేపొచ్చి మా నారు పీక్కపో."

"మరి మనకెట్ల బాపూ?"

"సాలకపోతే గా కింది మూల ఇడిసిపెడ్త. నువ్వు జర గా టోపీ ఇంట్ల పెట్టొచ్చి కట్టలు మొయ్యి."

రెండు రోజులు మోశాను. అవ్వ ఎకరం పచ్చబడింది. నాటు పడని మా కింది మూలలో నీళ్లు నిలిచాయి. వారం తిరక్కుండానే బాతులన్నీ అందులో దిగి, మా ఇంటి మనుషుల్లా తిరగసాగాయి. బాతులను చూడటానికి వచ్చిన అటవీశాఖ మేడం మురిసిపోయింది. "పక్షుల కోసం పొలమే వదిలేశారా! ఎంత మంచి మనసండీ మీది!"

"నేనేం ఇడువలే మేడం. నారు సాల్లేదు" అన్నాడు బాపు.

"చూశారా, ఎంత వినయమో!" అని ఆమె అది కూడా రాసుకుంది. బాపు అయోమయంగా నా వైపు చూశాడు. నేను కంగారులో దుర్భిణిని తిప్పి పెట్టుకున్నాను. బాపు ఎక్కడో చాలా దూరంలో, చాలా చిన్నగా కనిపించాడు.

ఇప్పుడు నేను జనగామలో ఒక విత్తనాల దుకాణంలో పనిచేస్తున్నాను. మొన్న చలికాలం యాసంగి నాట్లకు ఊరెళ్లాను. మడులన్నీ నాటారు, కింది మూల మాత్రం ఖాళీగా, నీళ్లతో మెరుస్తోంది. "గిదెందుకు ఇడిసినవ్ బాపూ?" అన్నాను. "నారు సాల్లేదు" అన్నాడు అటు తిరిగి. గట్టు మీద ఇంకా వాడని నారు కట్టలు ఐదున్నాయి. పక్కన కూర్చున్న గట్టవ్వ వాటిని చూసింది, నన్ను చూసింది, ఆకు నమలసాగింది.

జోకు నాలుక చివరి దాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి మింగేశాను. బాపు చూడకుండా ఆ ఐదు కట్టలూ తీసుకెళ్లి గట్టు అవతల అవ్వ మడిలో పెట్టి వచ్చాను. ఇక బాపు మాట అబద్ధం కాదు, కింది మూలకు నారు నిజంగానే చాల్లేదు. ఒక చలికాలమంతా కాపలా కాశానని గొప్పలు చెప్పుకున్న నేను, ఆ పక్షులకు నిజంగా పనికొచ్చింది బహుశా ఆ ఐదు నిమిషాలే.